పేషెంటు తాలూకు ఎవరండీ

పోయిన ఏడాది మూడు రోజుల పాటు నేను అరవై ఏళ్ల మగమనిషిని. కొల్లేటి లంకల్లో ఒక చేపల చెరువుకి కాపలా ఉండేవాడిని. కుడి పాదంలో జెల్ల చేప ముల్లు గుచ్చుకుని, అది చీము పట్టి, పైగా చక్కెర జబ్బు కూడా ఉండటం వల్ల ఆసుపత్రిలో చేరాను. నాలుగో నంబరు మంచం. ఆ ఆసుపత్రి భూమ్మీద ఎక్కడా లేదు, కంప్యూటర్లో మాత్రమే ఉంది. నేనేమో ఏలూరులో మా కాలేజీ ల్యాబులో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, చెవులకి హెడ్‌సెట్టు తగిలించుకుని, అవసరమైనప్పుడల్లా మూలుగుతూ ఉండేదాన్ని.

అసలు నేను నర్సుని. ఇరవై ఏళ్లకు పైగా వార్డుల్లో తిరిగి, మోకాళ్లు మొరాయించాక నర్సింగు పిల్లలకి పాఠాలు చెప్పే పనిలోకి వచ్చాను. కంప్యూటరంటే నాకు మార్కులు ఎక్కించడం, సెలవు పెట్టుకోవడం వరకే. అలాంటిదాన్ని పట్టుకుని మంచమెక్కించారు.

యూనివర్సిటీ వాళ్ల ఆలోచన మంచిదే. డాక్టరీ చదివేవాళ్లు, నర్సింగు వాళ్లు, ఫార్మసీ వాళ్లు, ఫిజియోథెరపీ వాళ్లు ఎవరి కాలేజీలో వాళ్లు చదువుకుని, ఉద్యోగంలో చేరిన రోజున మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. కలిసి పనిచెయ్యడం ముందే నేర్పాలన్నారు. నలుగురినీ ఒక వార్డుకి తీసుకెళ్లాలంటే నాలుగు కాలేజీల టైంటేబుళ్లు కలవాలి. అది ఈ జన్మలో జరిగేది కాదు కనుక కంప్యూటర్లో ఒక ఆసుపత్రిని తెచ్చారు. డాక్టరీ కుర్రాడు ఏలూరులోనే ఇంకో కాలేజీ నుంచి, ఫార్మసీ కుర్రాడు తాడేపల్లిగూడెం నుంచి, ఫిజియో అమ్మాయి భీమవరం నుంచి, మా నర్సింగు పిల్లలు మా ల్యాబు పక్కగది నుంచి అందులోకి వస్తారు. తెర మీద ఒక్కొక్కరికి కోటు వేసుకున్న బొమ్మ ఉంటుంది. మీటలు నొక్కితే ఆ బొమ్మ నడుస్తుంది, నిలబడుతుంది, కూర్చుంటుంది. మన మాట దాని నోట్లోంచి వినిపిస్తుంది.

శిక్షణ ఇచ్చిన రోజున నాకు అర్థమైందల్లా టీ బాగుందని. అందరూ తలలూపుతుంటే నేనూ ఊపాను. చివర్లో తేలిందేమిటంటే, పేషెంటు గొంతు నాదట. నేను మాట్లాడితే అది మగగొంతుగా మారి మంచం మీది బొమ్మలోంచి వస్తుందట. అదే సమయంలో పక్క విండోలో మా నర్సింగు విద్యార్థికి మార్కులు వేసేదీ నేనేనట. ఒక పక్క మూలగాలి, ఇంకో పక్క మూలుగుకి నర్సు ఎలా స్పందించిందో రాయాలి. ఇదెలాగండీ అని అడిగాను. ఈ కార్యక్రమం మొత్తాన్ని చూసుకునేది రిటైరైన ఒక పెద్ద డాక్టరుగారు, చాలా మర్యాదస్తుడు. "అలవాటైపోతుంది సిస్టర్," అన్నారు. నేను ప్రొఫెసరునైనా ఆయనకి సిస్టర్నే. దానికి నాకెప్పుడూ కోపం రాలేదు, అదే విచిత్రం.

యూనివర్సిటీ నుంచి వచ్చిన కథలో పేషెంటు ఇళ్లు కట్టే మేస్త్రీ, కాల్లో మేకు దిగింది. మేకు సంగతి నాకేం తెలుసు. మా పుట్టిల్లు ఉండి అనే ఊరి దగ్గర, చేపల చెరువుల మధ్య పెరిగినదాన్ని. మేకు తీసేసి జెల్ల ముల్లు పెట్టాను. మిగతాది అలాగే ఉంచాను. ఆ మనిషికి నొప్పి ఇంజక్షను పడదు. ఒకసారి చేయించుకుంటే మొహం ఉబ్బిపోయి, ఊపిరాడక, చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది. ఆ సంగతి ఎవరైనా నేరుగా అడిగితేనే చెప్పాలి, నా అంతట నేను చెప్పకూడదు. అడగకుండా ఇంజక్షను చేసేస్తే తెర ఎర్రగా మారి ఆట అయిపోతుంది.

మొదటి రోజు మార్కులు లేవు, ఊరికే అలవాటు కోసం. ముందుగా డాక్టరు బొమ్మ వచ్చింది. మంచం దాకా నడిచి, ఆగి, అటూ ఇటూ తిరిగి, "పేషెంటు తాలూకు ఎవరండీ?" అంది. జవాబు లేదు. ఇంకాస్త గట్టిగా అడిగింది. నేను ఎదురుగా కళ్లు తెరుచుకునే పడుకుని ఉన్నాను. నన్ను అడగొచ్చు కదా నాయనా అనుకున్నాను, పైకి అనకూడదు. అతను మందులు రాసేసి, చీటీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఎవరో వచ్చి చీటీ తీసుకెళ్లాలి కదా. అవతల మందుల కిటికీ వెనక గూడెం కుర్రాడు, చీటీ ఎవరో తెస్తారని నిలబడ్డాడు. వాళ్లది తాతల నాటి మందుల షాపట, కౌంటరు వెనక ఓపిగ్గా నిలబడటం అతనికి పుట్టుకతో వచ్చింది. ఫిజియో అమ్మాయి వచ్చి, "కొంచెం భుజం పట్టుకోడానికి పేషెంటు తాలూకు ఎవరైనా ఉన్నారాండీ?" అంది. మా నర్సింగు పిల్ల వచ్చి, "టీకి వెళ్లారేమోనండి, వచ్చేస్తారండి," అంది. నలుగురూ నా చుట్టూ గుడ్లప్పగించి నిలబడ్డారు. పావుగంట గడిచింది.

"ఏమైందండీ, నెట్ పోయిందా?" అన్నారు పెద్ద డాక్టరుగారు హెడ్‌సెట్టులో.

నెట్ నిక్షేపంలా ఉంది. లేనిది పేషెంటు తాలూకు మనిషి. ఇరవై ఏళ్లు వార్డుల్లో తిరిగి కూడా నాకు తట్టని సంగతి ఆ పావుగంటలో తట్టింది. మా ఆసుపత్రుల్లో డాక్టరుకీ నర్సుకీ, నర్సుకీ మందుల కౌంటరుకీ మధ్య తిరిగేది ఆ మనిషే. భార్యో, కొడుకో, చెల్లెలి మొగుడో. చీటీ మోసేది, రక్తం సీసా ల్యాబుకి పట్టుకెళ్లేది, రాత్రి ఎన్నిసార్లు దగ్గాడో చెప్పేది, మంచం మీంచి లేపి కూర్చోబెట్టేది అన్నీ ఆ మనిషే. మేం నలుగురం కలిసి పనిచేస్తున్నామని ఇన్నాళ్లూ అనుకున్నాం. మమ్మల్ని కలిపినవాళ్లు స్టూలు మీద కూర్చుని ఉన్నారు, వాళ్లకి జీతం లేదు, కోటూ లేదు. ఆ కంప్యూటరు ఆసుపత్రిని తయారుచేసినవాళ్లు మంచం పక్కన స్టూలు పెట్టారు గాని మనిషిని పెట్టలేదు.

నిజం చెప్పాలంటే ఆ పావుగంటలో నాకు భయం కూడా వేసింది. అబద్ధపు మంచం, అబద్ధపు కాలు అని తెలుసు. అయినా నలుగురు చదువుకున్నవాళ్లు నా మీదుగా తలలు తిప్పి ఇంకెవరి కోసమో వెతుకుతుంటే, నాకెవరూ లేరు, నన్నెవరూ అడగరు అనిపించింది. హెడ్‌సెట్టు తీసేసి వరండాలోకి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను.

రెండో రోజు అసలు పరీక్ష. మా కాలేజీ తరఫున వచ్చింది లంక ఊరి నుంచి చదువుకోడానికి వచ్చిన ఒక అమ్మాయి. చేతిపని చూస్తే ముచ్చటేస్తుంది. దాని చేతిలో సూది పడితే పసిపిల్లలు కూడా ఏడవరు. నోట్లో మాత్రం నాలుక లేదు. నలుగురితో కలిసి పనిచేసే పరీక్షలో రెండుసార్లు తప్పింది, రెండుసార్లూ కారణం ఒకటే, నోరు విప్పలేదు. ఇది మూడోసారి, ఆఖరిసారి. ఇందులో తప్పితే ఏడాదంతా మళ్లీ చదవాలి. విజయవాడలో ఒక ఆసుపత్రి వాళ్లు డయాలసిస్ వార్డులో దానికి ఉద్యోగం ఇస్తామన్నారు, నెలాఖరులోగా పాసైన కాగితం చూపించాలని షరతు. పొద్దున్న ల్యాబులోకి వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, "మేడమ్, భయమేస్తుందండి," అంది. "భయమెందుకే, మంచం మీద ఉండేది నేనేగా," అన్నాను. అది ధైర్యమో కాదో ఇద్దరికీ తెలియలేదు.

పేషెంటు తాలూకు వాళ్లు ఉండరనీ, మీలో మీరే మాట్లాడుకోవాలనీ పెద్ద డాక్టరుగారు పిల్లలకి ముందే చెప్పారు. దాంతో చీటీ గొడవ తీరింది. డాక్టరు కుర్రాడు మందులు రాసి నేరుగా కౌంటరుకి పంపాడు. అందులో నొప్పి ఇంజక్షనూ ఉంది. గూడెం కుర్రాడు చకచకా పంపించేశాడు. ఫిజియో అమ్మాయి నా కాలు కింద దిండు పెట్టాలంది. అందరూ ఒకరితో ఒకరు బాగానే మాట్లాడుకున్నారు, నాతో తప్ప. ఇంజక్షను ట్రే వచ్చి మా అమ్మాయి చేతి దగ్గర ఆగింది.

మా పిల్ల కదల్లేదు. ట్రే వంక చూస్తోందో, నా వంక చూస్తోందో బొమ్మ మొహం చూస్తే తెలియదు. అడగవే, అడుగు అని నేను లోపల మొత్తుకుంటున్నాను. పక్క విండోలో గడియారం తిరుగుతోంది. అప్పుడు ఆ బొమ్మ ట్రే వదిలేసి మంచం చుట్టూ తిరిగి వచ్చి, ఖాళీగా ఉన్న స్టూలు మీద కూర్చుంది.

"బాబాయిగారూ, మీకేదైనా మందు పడదాండీ?" అంది.

ప్రాణం లేచొచ్చింది నాకు. "నొప్పి ఇంజక్షను పడదమ్మా. మొహం ఉబ్బిపోద్ది, ఊపిరాడదు," అని గబగబా చెప్పేశాను. వెంటనే అది స్టూలు మీంచి లేవకుండానే గొంతు పెంచింది. అంత గొంతు దానికుందని నాకు తెలియదు.

"ఏవండీ డాక్టరుగారూ, మా బాబాయిగారికి నొప్పి ఇంజక్షను పడదంటండి. ఇదివరకు చేస్తే ఊపిరాడలేదంటండి. కాస్త చూడండి బాబూ."

డాక్టరు బొమ్మ ఠక్కున తిరిగింది. "అలాగాండీ, ముందే చెప్పాలి కదండీ," అంటూ చీటీలో ఇంజక్షను కొట్టేసి వేరే మాత్ర రాశాడు. గూడెం కుర్రాడు, "ఉండండి, మార్చి ఇచ్చేస్తానండి," అన్నాడు. ఫిజియో అమ్మాయి, "పెద్దాయన కాలు కొంచెం పట్టుకోండమ్మా," అంది, మా అమ్మాయి పట్టుకుంది. రెండు రోజులుగా ఎక్కడిదక్కడ బిగుసుకుపోయిన పనంతా ఒక్కసారిగా నడిచింది. చప్పట్లు కొట్టబోయి, పేషెంటునని గుర్తొచ్చి మానుకున్నాను.

తర్వాత మార్కుల కాగితం తెరిచాను. మొదటి ప్రశ్న, పేషెంటుకి ప్రమాదం తప్పిందా? అవును. రెండోది, సమాచారం అందరికీ అందిందా? అవును. మూడోది, విద్యార్థి తన వృత్తి స్థానం నుంచి మాట్లాడిందా? ఇది తప్పితే మిగతావి ఎన్ని వచ్చినా తప్పినట్టేనని కింద రాసి ఉంది. అవును అని ఒక గడి, కాదు అని ఒక గడి. మూడో గడి కోసం వెతికాను. నర్సు తన చోటు నుంచి వెళ్లిపోయిందని కంప్యూటరు అప్పటికే ఎర్ర అక్షరాల్లో రాసి పెట్టుకుంది. కాపాడినందుకు ఫెయిల్ చెయ్యాలా? నర్సు నర్సుగా ఒక్క మాటా అనకపోయినా పాస్ చెయ్యాలా? కాగితాన్ని పైకీ కిందకీ నాలుగుసార్లు తిప్పాను.

పరీక్ష అయ్యాక అందరూ బొమ్మలుగానే ఉండి మాట్లాడుకోవాలి, అది పద్ధతి. నలుగురు పిల్లలూ నా మంచం చుట్టూ చేరారు. పెద్ద డాక్టరుగారికి బొమ్మ లేదు, గొంతు మాత్రమే వచ్చింది.

"చాలా బాగా చేశావమ్మా, పేషెంటు బతికాడు," అన్నారు ఆయన మా అమ్మాయితో. "కాని నర్సువి కదా, బంధువులా ఎందుకు మాట్లాడావు?"

"నర్సు చెబితే వింటారో వినరోనండి. పేషెంటు తాలూకు వాళ్లు చెబితే వింటారండి."

"మరి ఎవరూ లేని పేషెంటు వస్తేనో? ప్రతిసారీ నువ్వే వెళ్లి స్టూలు మీద కూర్చుంటావా?"

ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నారు. "ఇది ఎవరు నేర్పారమ్మా నీకు?" అన్నారు.

"ఎవరూ నేర్పలేదండి. నాకే తోచిందండి," అంది.

అబద్ధం. నేర్పింది నేను. అంతకు ఆరు నెలల ముందు మగవాళ్ల వార్డులో పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్నాను. ఒక పెద్దాయనని మర్నాడు ఇంటికి పంపించేస్తామని డాక్టరుగారు చెప్పారు. ఆ పెద్దాయనకి తెల్లవారుజామున మళ్లీ జ్వరం తగిలింది, నేను చెయ్యి పెట్టి చూశాను. డాక్టరుగారు పక్క మంచం దగ్గరే ఉన్నారు, నాలుగడుగుల దూరం. నేను ఆయనతో అనలేదు. పెద్దాయన కూతురి దగ్గరికి వెళ్లి చిన్నగా, "మళ్లీ జ్వరమొచ్చిందని నువ్వే అడుగమ్మా డాక్టరుగారిని," అన్నాను. ఆవిడ వెళ్లి అడిగింది. ఆయన వచ్చి చూసి, ఇంటికి పంపడం ఆపేశారు. వరండాలోకి వచ్చాక నేను పిల్లలతో ఎంత గొప్పగా చెప్పానో నాకు బాగా గుర్తుంది. "చూశారా, మనం నోరు నొప్పి పెట్టుకోకుండా పని ఎలా అయిపోయిందో." పిల్లలందరూ నవ్వారు. ఈ అమ్మాయి నవ్వలేదు, ట్రే పట్టుకుని శ్రద్ధగా విన్నది.

ఆ పిల్లే ఇప్పుడు నా పేరు చెప్పకుండా తన ఏడాది పోగొట్టుకోడానికి సిద్ధపడింది. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. నేను చేసింది తప్పా? ఇరవై ఏళ్లు అలాగే చేశాను, అలా చేసి బతికించినవాళ్లు ఉన్నారు. మరి తప్పు కాకపోతే ఈ పిల్ల ఎందుకు తలదించుకుంది? మా ప్రిన్సిపాలుగారి చేత పెద్ద డాక్టరుగారికి ఒక మాట చెప్పిద్దామా అనుకున్నాను. అనుకున్నాక గాని ఆ ఆలోచన ఎంత పాతదో నాకు అర్థం కాలేదు. ఇక ఆగలేక మైకు నొక్కాను.

"అమ్మాయిది తప్పు కాదండి. అది నేర్పింది నేనేనండి."

నా మాట మగగొంతుతో, మంచం మీద కట్టు కట్టుకుని పడుకున్న ముసలాయన నోట్లోంచి వచ్చింది. నలుగురు పిల్లలూ ఉలిక్కిపడి ఆయన వంక తిరిగారు.

"ఎవరండీ మాట్లాడేది?" అన్నారు పెద్ద డాక్టరుగారు.

"పేషెంటునండి. కాదండి, నేనండి, ఉండండి," అంటూ ఏదో మీట నొక్కాను. ముసలాయన లేచి కూర్చున్నాడు. ఇంకోటి నొక్కితే మళ్లీ పడుకున్నాడు. గొంతు మార్చే మీట ఎంతకీ దొరకలేదు. సరే, ఇంత దూరం వచ్చాక ఎవరి గొంతైతేనేం అనుకుని, ఆ ముసలాయన గొంతుతోనే వార్డులో జరిగిందంతా చెప్పాను. పడుకునే చెప్పాను. చెప్పడం అయ్యాక డాక్టరు కుర్రాడు మెల్లగా, "నేను కూడా ఆవిడ నర్సుగా చెప్పి ఉంటే, చూద్దాంలెండి అనేవాడినేమోనండి," అన్నాడు.

పెద్ద డాక్టరుగారు మర్నాడు ఇంకో అవకాశం ఇచ్చారు. అదే మంచం, అదే కాలు, వేరే కథ. ఆపరేషను అయ్యాక పేషెంటుని నడిపించమని డాక్టరు రాశాడు, ఫిజియో అమ్మాయి చెయ్యి అందించింది. కట్టు కింద నెత్తురు ఊరుతోంది. మా అమ్మాయి స్టూలు వైపు ఒకడుగు వేసి, ఆగి, వెనక్కి వచ్చి ట్రే దగ్గర నిలబడింది.

"ఇప్పుడు నడిపించొద్దండి. కట్టు తడిసిందండి," అంది.

"నేను చూసే రాశానండీ," అన్నాడు డాక్టరు కుర్రాడు. అలా అనమని అతనికి రాసిచ్చారు. ఆ పిల్ల ఎంతసేపు ఊరుకుందంటే నాకు నిజంగానే కాలు నొప్పెట్టింది.

"నేను నర్సునండి. ఇప్పుడే చూశానండి. మళ్లీ ఒక్కసారి చూడండి."

అవును గడిలో గుర్తు పెట్టాను.

ఆ తర్వాతి వారం మా అమ్మాయి కాగితాల మీద నా సంతకం కోసం వార్డుకి వచ్చింది. సోమవారం విజయవాడలో చేరాలి. ఈసారి ఉన్నది నిజం ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు. డాక్టరుగారు రౌండ్సులో ఉన్నారు. కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దావిడ ఏదో పరీక్ష కోసం పొద్దుటి నుంచి పరగడుపున ఉంది. ఆవిడకి రోజూ చేసే ఇన్సులిన్ యథాప్రకారం చెయ్యమని రాసేసి డాక్టరుగారు ముందుకి వెళ్లారు. ఏమీ తినని మనిషికి ఆ మోతాదు చేస్తే చక్కెర దిగిపోతుంది. కేసు షీటు చూసీ చూడగానే నేను పెద్దావిడ కోడలి దగ్గరికి నడిచాను, వంగి ఆమె చెవి దగ్గర, "నువ్వే అడుగమ్మా," అన్నాను.

అనేశాక తలెత్తితే ఆ అమ్మాయి ఎదురుగా ఉంది, చేతిలో కాగితాలు పట్టుకుని. శ్రద్ధగా చూస్తోంది, ఆరు నెలల కింద ట్రే పట్టుకుని విన్నట్టే. కోడలు లేవబోతోంది. డాక్టరుగారు అప్పటికే రెండు మంచాలు దాటారు. కోడలి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను.

"ఏవండీ డాక్టరుగారూ," అన్నాను.

ఆయన ఆగి వెనక్కి తిరిగారు. నా మీదుగా స్టూలు వైపు చూసి, "పేషెంటు తాలూకు ఎవరండీ, పిలిచింది?" అన్నారు.

"వాళ్లు కాదండి. నేనండి, నర్సుని."